ముందు నిండుబండి

గుడిపాల రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ.
రాత్రి రెండు దాటింది.
కాటా గదిలో నేనూ చెంగల్రాయుడూ,
ఒక దోమలబత్తి, రెండు ఫోన్లు.
బయట తోతాపురి ట్రాక్టర్లు
టోకెన్ చీటీలు పెట్టుకుని
వరసగా కునుకు తీస్తాండాయి.

పిల్లోడు ఆటలో చేరి నాలుగు రోజులు.
మొదటి జీతం నిన్ననే పడింది.
"అన్నా, కొత్తగా వచ్చిన క్లాసులు మూడుండాయి,
ఏడొందల తొంభైతొమ్మిది.
ఇప్పుడే అన్‌లాక్ చేసేదా, కొన్నాళ్ళు ఆగేదా?"
తెర మీద తాళంకప్పల వెనక నిలబడుండారు
నీడల్ని నేసే ముసల్ది,
పిడుగుల్ని సంచిలో మోసేవాడు,
ఎముకల సన్నాయి ఊదే పిల్ల.
కొనే బొత్తాం మీద వాడి బొటనవేలు
వాలీ వాలని ఈగ.

నేను ఆరేళ్ళ పాతకాపుని.
నాది ఆట ఊరికే ఇచ్చే మామూలు కత్తోడు.
గొంతు సవరించుకున్నా.

"వద్దప్పా. ముందు కత్తి పట్టు.
దెబ్బ యాడ తగిలితే ఎంత ప్రాణం పోతాదో
నీ వేళ్ళకు తెలియాల.
బురదమడుగు నక్కలు ఎప్పుడు వెనక్కి తిరుగుతాయో,
మందులమ్మ నీకోసం ఎంతసేపు ఆగుతాదో తెలియాల.
ఆ ముసల్దానికి పదిహేడు మీటలు,
నీకింకా నడక, దూకుడు, రెండే.
ముదరని కాయ కోసి మందేసి మగ్గబెడితే
పైన పసుపు, టెంక కాడ పులుపు.
చూళ్ళేదా రోజూ?"

బాగా చెప్పినాననిపించింది.
మామిడికాయ మాట సొంతంగా తట్టింది మరి.
ఫ్లాస్కు మూతలోకి టీ వంచుకున్నా.

వాడు బుద్ధిగా తలూపి,
"నువ్వు గూడా అట్లే ఆగినావా అన్నా?" అన్నాడు.

నేనా?
నేను ఆగలేదు. నా దగ్గర దుడ్లు లేవు.
ఆ ఏడు బెల్లం గానుగలో కూలి,
పగిలిన ఫోను, పక్కింటోళ్ళ వైఫై.
తాళాల వెనకుండే వాళ్ళను రోజూ చూసేవాణ్ణి,
మిఠాయి అంగడి అద్దానికి
ముక్కు ఆనించినట్టు.
ధర సగానికి దిగేటప్పటికి
కత్తి చేతికి అతుక్కుపోయింది,
ఆశ చప్పబడిపోయింది.
మిగిలినదానికి ఓర్పు అని పేరు పెట్టుకున్నా.
మంచి పేరు.
కొత్తగా వచ్చినోళ్ళకంతా అదే పంచిపెడతా ఉండా.

హారన్.
మునిరత్నం ట్రాక్టరు పలక మీదికెక్కింది.
ఎర్రంకెలు వణికి వణికి నిలిచినాయి,
ఏడువేల తొమ్మిదొందల ఎనభై.
రాసుకున్నా. ఇది బండీ కాయలూ కలిపి.
దించి వచ్చినాక ఖాళీబండి తూస్తాం,
అప్పుడు తీసివేత,
అప్పుడు తెలిసేది కాయలెంతో.

పదకొండు సీజన్లుగా ఇదే పని.
ఖాళీ బరువు తెలిస్తేగానీ లోపలికి రావద్దని
ఏ బండినీ గేటు కాడ నిలిపింది లేదు.
ముందు నిండుబండే.
ఖాళీ తర్వాత.
లెక్క ఏనాడూ తప్పింది లేదు.
ఇది నాకు ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో.

తిరిగి చూసేటప్పటికి వాడు నొక్కేసినాడు.
నెలాఖరుకు మెస్సు బాకీ ఎట్లా కడతావురా
అని అడగబోయి టీ తాగినా.

సన్నాయి పిల్ల మడుగులోకి దిగింది.
చచ్చింది.
మళ్ళా దిగింది, మళ్ళా చచ్చింది.
తొమ్మిదిసార్లు నక్కలు పీక్కుతిన్నాయి.
నేను చెప్పినట్టే అయింది,
ఆ సంగతి నోటితో అనలేదు గానీ
మొహంలో కనబడే ఉంటాది.

పదోసారి వాడు ఏ మీట నొక్కినాడో,
వాడికే తెలీదు,
ఆ పిల్ల నీళ్ళలో నిలబడి ఊదింది.
నక్కలు కూర్చున్నాయి.
కుక్కపిల్లల మాదిరి, తోకలు చుట్టుకుని,
వరసగా.

ఆరేళ్ళుగా ఆ నక్కల్ని నరుకుతాండా నేను.
ఎన్ని వేలో.
అవి కూర్చుంటాయని తెలీదు.

మునిరత్నం ఖాళీబండితో వచ్చినాడు.
మూడువేల ఆరొందల పది.
చీటీ చింపి ఇస్తాంటే వెనకనించి పిల్లోడి గొంతు,
"అన్నా, అన్నా, అన్నీ నన్నే చూస్తాండాయి.
ఇప్పుడేం చెయ్యాల?"

"తెలీదప్పా" అన్నా.
కుర్చీ వాడి పక్కకు జరుపుకున్నా.